తుమ్ములు లేని జిల్లా

మా జిల్లాలో కోళ్లకు దగ్గు, తుమ్ము, ముక్కు కారడం వగైరా శ్వాసకోశ వ్యాధులేవీ లేవని పోయిన నెల పశువైద్య శాఖవారు అధికారికంగా ప్రకటించారు. ఆ సంగతి కోళ్లకు మాత్రం ఎవరూ తెలియజేయలేదు. లోపం అక్కడే జరిగింది.

పాల కేంద్రం వెనక వీధిలో ఒకావిడ కోళ్ల షెడ్డు నడుపుతుంది. అందరూ ఆమెను గుడ్ల వదిన అంటారు. నాలుగు వందల పెట్టలు. మొగుడు పోయాక ఇల్లు గడవడం, ఇద్దరు ఆడపిల్లల చదువు అన్నీ వాటి మీదే. ప్రకటన వచ్చిన పదకొండో రోజు పొద్దున మేత వేస్తుంటే ఒక పెట్ట తుమ్మింది. మధ్యాహ్నానికి పన్నెండు తుమ్మాయి. మర్నాటికి మొహాలు వాచి, కళ్లు మూసుకుపోయి, ముక్కుల్లోంచి కుళ్లు వాసనతో నీరు కారడం మొదలైంది. అన్నీ ఒకే తొట్టి నీళ్లు తాగుతాయి కాబట్టి జబ్బుకు పెద్దగా శ్రమ లేకుండా పోయింది.

వదిన ఒక పెట్టను చంకన పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఈ జబ్బుకు వెంటనే నీళ్లలో మందు కలిపి పెడితే చాలావరకు బతుకుతాయని ఆయనకు తెలుసు. కానీ చీటీ లేనిదే షాపువాడు మందు ఇవ్వడు. జబ్బు పేరు లేనిదే చీటీ చెల్లదు. జిల్లాలో లేని జబ్బు పేరు రాస్తే డాక్టరు ఆ జిల్లాలో ఉండడు.

"అదేంటో నాకు తెలుసమ్మా. కానీ రాయలేను. పైనుంచి బృందం వచ్చి ఉందని తేలిస్తే, ఆ నిమిషమే రాసిస్తాను" అన్నాడాయన, పెట్ట కళ్లు తుడుస్తూ.

బృందం తొమ్మిదో రోజున దయచేసింది. అప్పటికి నూట ఇరవై పోయాయి. ఆలస్యమైందని నిందించకూడదు, వారు ప్రకటన తాలూకు సన్మానాల్లో ఉన్నారు. ముగ్గురు అధికారులూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని దిగారు. లేని జబ్బుకు గుడ్డలెందుకని అడిగేంత కుసంస్కారం మా వీధిలో ఎవరికీ లేదు.

నమూనాలు తీసే పద్ధతి ఎంతో శాస్త్రీయమైనది. గొంతులో దూది పుల్ల పెట్టేటప్పుడు కోడి కదలకుండా, దగ్గకుండా, తుమ్మకుండా సహకరించాలి. సహకరించని కోడి నమూనా నిబంధనల ప్రకారం చెల్లదు. జబ్బు కోళ్లన్నీ తుమ్మి చేజేతులా అనర్హత తెచ్చుకున్నాయి. చివరికి మూలనున్న గూట్లో వదిన ముందే వేరుచేసిన, ఇంకా జబ్బు సోకని పది పెట్టలు దొరికాయి. అవి బుద్ధిగా నోళ్లు తెరిచాయి. వాచిన మొహాలను 'పుష్టి' అనే గడిలో నమోదు చేశారు. వదిన చచ్చినవాటిని బుట్టతో తెచ్చి ముందు పెడితే, ఊపిరి పీల్చని కోడి శ్వాస వ్యాధుల పరిధిలోకి రాదని పెద్ద అధికారి ఓపిగ్గా వివరించారు.

పిదప వారు వీధివారినందరినీ పోగుచేసి ప్రసంగించారు. "ఈ షెడ్డు జిల్లాకే తలమానికం. తుమ్మడం కోడి స్వేచ్ఛ. దాన్ని జబ్బు అని ప్రచారం చేసేవారు కోళ్లకూ, ప్రభుత్వానికీ శత్రువులు" అని, అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఒకటి వదిన చేతిలో పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా చప్పట్లు కొట్టాను, పక్కవాళ్లు చూస్తున్నారు మరి.

ఆ తర్వాత మరో నూట నలభై పోయాయి. మిగతావి తేరుకున్నాయి. తేరుకున్న కోడి పైకి నిక్షేపంగా ఉన్నా జబ్బును ముక్కులో దాచుకుని తిరుగుతుందని, కొత్త మందలో కలిపితే అన్నిటికీ అంటిస్తుందని డాక్టరు వదినకు రహస్యంగా చెప్పాడు. పెద్దపిల్లను చదువు మాన్పిద్దామనే మాట అప్పటికే ఇంట్లో వచ్చేసింది. వదిన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజున పెట్టలను అమ్మకానికి పెట్టింది.

కొనడానికి రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. పెన్షను డబ్బుతో షెడ్డు కట్టి ఆయనా మూడు వందల పెట్టలను పెంచుతున్నారు. జబ్బులేమైనా తగిలాయా అని అడిగారు. వదిన ఆయన మొహం చూడలేకపోయింది.

"గోడ మీద ఉంది, చదువుకోండి మాస్టారూ" అంది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని ప్రశంసాపత్రాన్ని తేదీతో సహా రెండుసార్లు చదివారు. వెనక గంపల్లో మూడు పెట్టలు తుమ్మాయి. దుమ్ము ఎక్కువగా ఉందమ్మా అని గంపలన్నీ ఎత్తించుకుని వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా మాస్టారి షెడ్డంతా తుమ్ములే. ఆయన వదినతో గొడవ పెట్టుకోలేదు, డాక్టరు గుమ్మమూ తొక్కలేదు. నేరుగా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఆదర్శ షెడ్డుగా తనకూ ఒక పత్రం ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నారు. మొన్ననే మంజూరైంది. పెట్టలు అమ్మకానికున్నాయి. మీరూ చదువుకున్నవారే కదా, వెళ్లి చూసుకోండి.