జీబ్రాకు గుర్రాన్ని పరిచయం చేయు విధానము

గుర్రం భయపడటం మా కౌంటీలో నేరం. ఇంత నాగరికమైన చట్టం ప్రపంచంలో మరెక్కడా లేదని కమిషనర్ రాయిస్ డన్లాప్ గారు అంటుంటారు. మరెక్కడా లేదన్నంత వరకూ నేనూ ఒప్పుకుంటాను.

ఈ చట్టం నాగజెముడు పొదలో పుట్టింది. టెక్సాస్ కొండల్లో మా కౌంటీవారు జీబ్రాలనీ జిరాఫీలనీ నిప్పుకోళ్లనీ తెచ్చి ఒక వన్యప్రాణి పార్కు కట్టారు. దాని కంచె వెంటే గుర్రపుస్వారీ దారి ఉంది. (దారి ముందు వచ్చింది, పార్కు తరువాత వచ్చింది. ఈ సంగతి ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా దొరకదు.) ఆ దారి మొదట్లోనే వెర్లీన్ స్ట్రౌడ్ గుర్రపుశాల. ఊళ్లో సగం మందికి స్వారీ నేర్పింది ఆవిడే, నాతో సహా. భర్త పోయాక ఆమెకు బతుకుతెరువైనా, బంధుబలగమైనా ఆ గుర్రాలే. వాటిలో పెద్దది పికిల్ అనే ముసలి ఆడగుర్రం.

పార్కు ప్రారంభోత్సవానికి గుర్రమెక్కి వచ్చి రిబ్బను కత్తిరించాలని రాయిస్ గారు ముచ్చటపడ్డారు. వెర్లీన్ పికిల్‌ని తోలుకొచ్చి కళ్లెం చేతికిస్తూ ఒక్క మాట చెప్పింది.

"సార్, ఇది పులి ఎదురొచ్చినా పట్టించుకోదు. పటపటలాడే ప్లాస్టిక్ అంటే మాత్రం దీనికి చచ్చేంత భయం. ఆ రిబ్బను దాని ముఖం ముందు ఆడించకండి."

"భలేదానివమ్మా! నేను పుట్టిందే జీను మీద!" అన్నారు రాయిస్ గారు.

పుట్టింది జీను మీదే కావచ్చు. రిబ్బను ఊపిన మరుక్షణం వాలింది మాత్రం నాగజెముడు మీద.

విచారణ సంఘం వేశారు. ముళ్లు తీయించుకున్నంత కాలమూ విచారణ సాగింది. రిబ్బను సాక్షాత్తు కమిషనర్ గారి చేతిలో ఉన్నందున అది నిర్దోషి అనీ, ఆ సమయంలో కంచె అవతలి నుంచి చూస్తున్న నిప్పుకోడే ప్రమాదానికి కారణమనీ తేల్చారు. గుర్రానికీ నిప్పుకోడికీ ముందస్తు పరిచయం లేకపోవడమే అసలు లోపమట. ఆ విధంగా అశ్వ-వన్యప్రాణి పరిచయ విభాగం అవతరించింది. ఇకమీదట పార్కులోని ప్రతి జంతువుకూ పద్ధతి ప్రకారం పరిచయమైతే తప్ప ఏ గుర్రమూ ఆ దారి తొక్కరాదు. పరిచయాల్లో పదేపదే తప్పిన గుర్రం కౌంటీ వదిలిపోవాలి.

విభాగానికి మూతబడిన చేపల ఎరల దుకాణం కేటాయించారు. దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలని నియమం. దరఖాస్తుదారు అంటే గుర్రం. తలుపు చిన్నది కాబట్టి గుర్రాలు కిటికీలోంచి తల పెట్టి టోకెను తీసుకునేవి. కొన్ని టోకెను తినేసి మళ్లీ వరసలో నిలబడేవి. ఈ రద్దీ చూసి ఒక యాప్ తెచ్చారు. అందులో గుర్రం ఫొటో ఎక్కించబోతే, 'ముఖం అనుమతించిన పొడవును మించినది. సరిచేసి మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చేది. మేము ప్రయత్నించాం. సరికాలేదు.

విభాగానికి ఇన్‌స్పెక్టరు క్లిఫ్టన్ మేబ్రీ. చెడ్డవాడు కాడు, మెత్తనివాడు. అతనూ చిన్నప్పుడు వెర్లీన్ దగ్గర స్వారీ నేర్చుకున్నవాడే. మొదటి పరిచయానికి పికిల్‌ని ఖడ్గమృగం ముందు నిలబెట్టారు. పికిల్ దానికేసి ఒకసారి చూసి, ఆవలించి, నిలబడే కునుకు తీసింది.

"ఫెయిలండీ, మిస్ వెర్లీన్," అన్నాడు క్లిఫ్టన్, బూట్లకేసి చూసుకుంటూ. (మా వైపు పెద్దావిడ ఎవరైనా, పెళ్లయినా కాకున్నా, మిస్సే.)

"భయపడిందట్రా?"

"లేదండీ. భయపడకూడదు. కానీ గమనించాలి. ఇది గమనించలేదు."

"నిద్రపోతోందిరా నాయనా! భయం లేదనడానికి అంతకంటే ఇంకేం కావాలి?"

"నిద్రకి మా ఫారంలో గడి లేదండీ."

రెండో పరిచయం నిప్పుకోడితో. ఈసారి గమనించడానికి నిప్పుకోడి నిరాకరించింది. ఆ తప్పూ పికిల్ ఖాతాలోనే పడింది. (జంతువులు కౌంటీ ఉద్యోగులతో సమానం. వాటి తప్పు ఉండదు.) మూడోది డ్యూక్ అనే మగజీబ్రాతో. డ్యూక్ పరుగెత్తుకొచ్చి కంచె మీదుగా మెడ చాచింది. పికిల్ ఆప్యాయంగా సకిలించి దాని ముక్కుకు ముక్కు ఆనించింది. చూస్తున్న మా అందరికీ మనసు నిండిపోయింది.

"అతిచనువు," అని రాసుకున్నాడు క్లిఫ్టన్.

నెలాఖరుకల్లా పికిల్ కౌంటీ దాటాలని ఉత్తర్వు వచ్చింది. వెర్లీన్ ఆ కాగితాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకుని, గుర్రాలకు ఎండుగడ్డి వేయడానికి వెళ్లింది.  

ఇంతలో విభాగంవారికి ఒక ధర్మసందేహం కలిగింది. చట్టం ప్రకారం జీబ్రా వన్యప్రాణి. శాస్త్రం ప్రకారం అది గుర్రానికి దాయాది. అలాంటప్పుడు ఒక జీబ్రా పక్కన మరో జీబ్రా పరిచయపత్రం లేకుండా ఎలా నిలబడుతుంది? అక్రమం జరుగుతుందన్న అనుమానం రాగానే జీబ్రాలన్నింటినీ విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో దొడ్లో పెట్టారు. డ్యూక్ మేత మానేసింది. పొద్దస్తమానం వెర్లీన్ గుర్రపుశాల వైపు ముఖం పెట్టి నిలబడేది. చివరికి ఒక శనివారం మిట్టమధ్యాహ్నం గేటు తన్నేసి హైవే మీద పడింది.

మేము వెళ్లేసరికి లారీలు రెండు వైపులా ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. షెరీఫ్ సైరను ఆపడం మరిచిపోయాడు. డ్యూక్ నోట నురగ కక్కుతూ కార్ల మధ్య గిరికీలు కొడుతోంది. ఉచ్చుతాడు విసిరిన ఒకణ్ణి అప్పుడే తన్నింది.

"జనమ్మీద పడేట్టుంది. ఇంకోసారి ఇటు తిరిగిందంటే కాల్చేస్తా. ఇంకేం చెయ్యను?" అని షెరీఫ్ తుపాకీ తీశాడు.

అప్పుడు వచ్చింది వెర్లీన్, పికిల్ మీద. క్లిఫ్టన్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి మిస్ వెర్లీన్! దీనికి పరిచయపత్రం లేదు. వన్యప్రాణి దగ్గరికి వెళ్లకూడదు!"

"పక్కకి జరుగు, క్లిఫ్టన్. లేకపోతే ఆ మాట వెళ్లి జీబ్రాకి చెప్పు."

క్లిఫ్టన్ జీబ్రాకేసి చూశాడు. జరిగాడు.

ఆమె డ్యూక్‌ని తరమలేదు, పిలవనైనా పిలవలేదు. రోడ్డు వారగా వెళ్లి, దానికి వీపు తిప్పి, పికిల్‌ని గడ్డి మేయనిచ్చింది. "ముందు ఆ సైరను ఆపండయ్యా!" అని ఒక్క కేక వేసింది. ఆపారు. అంతలో ఎవరి ట్రక్కులోంచో ఎగిరిన ప్లాస్టిక్ సంచి పటపటలాడుతూ వచ్చి పికిల్ కాళ్ల దగ్గర పడింది. ముసలి గుర్రం ఒళ్లంతా వణికిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వెర్లీన్ దాని మెడ మీద వాలి చెవిలో ఏదో చెబుతోంది. పికిల్ వణుకుతూనే ఉంది, కానీ కదల్లేదు. కాసేపటికి డ్యూక్ మెల్లగా వచ్చి, తన గడ్డాన్ని పికిల్ వీపు మీద ఆనించి, పెద్ద నిట్టూర్పు విడిచింది. ఆ పళంగా రెండూ నడుచుకుంటూ బార్బెక్యూ దుకాణం ముందునుంచి పార్కుకు వెళ్లిపోయాయి. జనం టోపీలు తీసేశారు. షెరీఫ్ తుపాకీ దాచేసి, ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

సోమవారం క్లిఫ్టన్ వెర్లీన్ ఇంటికి వచ్చాడు. పరిచయపత్రం లేని గుర్రంతో వన్యప్రాణిని ఓదార్చినందుకు మిగతా గుర్రాల అనుమతులు కూడా రద్దు చేశారట.

"నన్ను తప్పుగా అనుకోకండి మిస్ వెర్లీన్. నా చేతుల్లో ఏం లేదు."

"తెలుసురా. జీను మీద నిటారుగా కూర్చోవడం నేర్పాను గానీ, కుర్చీలో అలా కూర్చోవడం నేర్పలేకపోయాను. తప్పు నాదే. కాఫీ తాగుతావా?"

తాగాడు. తాగుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

వాగు అవతల పక్క కౌంటీలో వెర్లీన్ ఒక పచ్చికబయలు అద్దెకు తీసుకుంది. మేమంతా తలో గుర్రాన్నీ పట్టుకుని వాగు దాటించాం. వారం తిరక్కుండా డ్యూక్ మళ్లీ గేటు తన్నేసి, వాగు దాటి, పికిల్ పక్కన మేస్తూ కనిపించింది. దాన్ని తెచ్చేందుకు క్లిఫ్టన్ వాగు ఒడ్డుకొచ్చి బతిమాలాడు.

"కొంచెం ఇవతలిదాకా దిగబెట్టండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"నా గుర్రం మీ కౌంటీలో అడుగుపెట్టకూడదు కదరా," అంది వెర్లీన్ అవతలి ఒడ్డునుంచి. "నువ్వే వచ్చి పరిచయం చేసుకో."

అతను బూట్లు విప్పి వాగులోకి దిగాడు. అటు వెళ్లినవాడు సాయంత్రం దాకా తిరిగి రాలేదు. ఆ మర్నాడు ఉద్యోగానికీ రాలేదు. ఇప్పుడు వెర్లీన్ దగ్గర గుర్రాలు తోముతున్నాడు. నిద్రపోయే గుర్రాలని లేపడట.

మా కౌంటీలో మాత్రం పరిచయ విభాగం ఏడాది నివేదిక నిన్న విడుదలైంది. స్వారీ దారిలో ప్రమాదాలు లేవు. గుర్రాలు కూడా లేవు. ఈ విజయాన్ని చూసి పాఠశాలల శాఖవారు రాయిస్ గారిని సలహాకు పిలిచారు.