ఫోనున్న ఇంట్లో కథ రాయడం ఎలా?

"వీధి గదిలో పెడితే మోగినప్పుడల్లా ఎవరు లేస్తారే?" అని మా ఆయన మళ్ళీ అడిగారు.

"అక్కడ కూచున్నవాళ్ళే" అని నేనూ మళ్ళీ చెప్పాను.

అక్కడ కూచునేది ఆయనే. కొబ్బరికాయల బేరం లేనప్పుడు పేపరు చదువుతూ ఉంటారు. ఫోను మాత్రం వంటింటి గుమ్మం పక్కన, నేను రాసుకునే బల్లకి మూరెడు దూరంలో, స్టూలు మీద ఉంటుంది.

"నీకైతే దగ్గర కదా! పైగా ఇంట్లోనే ఉంటావు. రాసుకోడమే కదా పని!"

"కూకున్న మనిసి లెగిసి ఫోనెత్తితే అరిగిపోద్దేటి?" అని మా అత్తగారు రాజులమ్మగారు తీర్పు చెప్పేశారు.

ఓడిపోయాను. తీరిగ్గా ఆలోచిస్తే వాళ్ళదే రైటనిపించింది. అందుకే కొత్తగా కథలు రాయబోయే సోదరీమణులకి ధైర్యంగా చెబుతున్నాను. రచయితకి ఏకాంతం అక్కర్లేదు. నిశ్శబ్దం అక్కర్లేదు. వీధి మొత్తానికి ఒకటే ఫోనుండి, అది మీ ఇంట్లో ఉంటే చాలు!

కవిటిలో మా వీధికి ఆ భాగ్యం మా ఇంటి ద్వారానే కలిగింది. మా ఆయన తిరుపతిరావుగారిది పెద్ద చెయ్యి. నెంబరు అందరికీ ఇచ్చారు. వీధిలో ఎవరింట పెళ్ళి జరిగినా శుభలేఖ అడుగున, పిలిచిపెట్టే ఫోనని 'పీపీ' గుర్తుతో మా నెంబరే అచ్చవుతుంది. బయటికి చేసే ఫోన్లకి తాళం ఉంది. తాళంచెవి మా అత్తగారి బొడ్లో ఉంది. లోపలికి వచ్చే ఫోన్లకి తాళం కనిపెట్టిన మహానుభావుడు మాత్రం ఇంకా పుట్టలేదు!

ప్రస్తుతం నేనొక కథ రాస్తున్నాను. విజయవాడ నుంచి ఒక వారపత్రిక ఎడిటరుగారు దీపావళి సంచికకి కథ కావాలని కార్డు రాశారు. ఎప్పటికి అందాలో ఫోను చేసి చెబుతానన్నారు. ఇన్నేళ్ళూ నేను పంపితే వాళ్ళు తిప్పి పంపడమే గానీ, ఒకరు అడిగి రాయించుకోవడం ఇదే మొదలు. కాబట్టి ఫోను మోగితే నా గుండె కూడా మోగుతోంది.

రచయితకి మొట్టమొదట కావలసింది ఓపిక. నా కథలో సుభద్ర అనే ఇల్లాలు పెట్టె పట్టుకుని గడప దాటబోతుంది. ఫోను! ఎదురింటి దేముడమ్మ మొగుడు, సూరత్ నుంచి.

"వదినా, దాన్నోపాలి పిలు. ఇప్పుడే మళ్ళీ సేత్తాను."

దేముడమ్మ ఇంట్లో ఉండదు. పెరట్లో ఉండదు. ఎవరి వసారాలోనో కొబ్బరి ఈనెలు గీసి చీపుర్లు కడుతూ ఉంటుంది. వెతికి తెచ్చాక ఫోను రాదు. సూరత్‌లో లైను దొరకదు. అంతవరకూ మనిషిని ఊరికే కూచోబెడతామా? కాఫీ పెట్టాలి. అదంతా అయి నేను బల్ల దగ్గరికి వచ్చేసరికి సుభద్ర అక్కడే ఉంటుంది, ఒక కాలు గడపకి ఇవతల, ఒక కాలు అవతల. వినాయక చవితి నుంచీ అలాగే నిలబడి ఉంది పాపం! మొగుణ్ణి వదిలెయ్యాలో వద్దో ఆలోచించుకోవడానికి ఇంత వ్యవధి ఇంకే కథానాయికకి దొరికిందో చెప్పండి?

తర్వాత ఊహాశక్తి. దేముడమ్మ ఫోనులో ఇలా మాట్లాడుతుంది:

"ఏటీ?... ఓలమ్మా!... ఆడా?... మరి నువ్వేటన్నావు?... సీ, నోర్ముయ్, అక్క ఇక్కడే ఉంది!"

ఫోను పెట్టేసి, "ఏటీ నేదక్కా" అని చెంగుతో నోరు మూసుకుని వెళ్ళిపోతుంది. ఆడెవడు? ఏం చేశాడు? నేను లేకపోతే ఆవిడ ఏమనేది? సగం కథ ఇచ్చి మిగతా సగం మీచేత కట్టించే ఈ విద్య ఏ యూనివర్సిటీలో నేర్పుతారండీ?

పాత్రచిత్రణ మాటేమిటంటారా? పక్కింటి కామేశ్వరి కూతురికి సంబంధం చూస్తున్నారు. టెక్కలి నుంచి మగపెళ్ళివారు ఫోను చేశారు. "మీరు పక్కింటోలు కదమ్మా, నిజం సెప్పండి. పిల్లకి కోపమేటైనా ఉందా?"

కామేశ్వరి నా భుజం మీద గడ్డం ఆనించి వింటోంది. ఆ ముందురోజే ఆ పిల్ల తమ్ముడి మీదికి విసిరిన ఇత్తడి చెంబు మా పెరట్లో పడింది. ఇంకా మా దగ్గరే ఉంది.

"భలే చురుకండీ. చేతిలో ఏదీ ఎక్కువసేపు ఉంచుకోదు" అన్నాను. అబద్ధమా? కాదు. నిజమా? అదీ కాదు. సాహిత్యమంటే ఇదే కదా!

ఇక అహంకారం. అది రచయితకి శత్రువు. ఫోనెత్తితే "మీరెవరు?" అంటారు. కథలు రాస్తుంటానండీ అని చెప్పి చూశాను ఓసారి. "అది సరేనమ్మా, ఇంట్లో ఇంకెవలూ నేరా?" అన్నారు. ఆ రోజుతో నా అహంకారం పోయింది.

ఇక్కడిదాకా రాసి, భోజనాలు వడ్డించడానికి లేచాను.

మా ఆయన పప్పు కలుపుకుంటూ, "అన్నట్టు, విజయవాడ నుంచి నీకేదో ఫోనొచ్చిందే" అన్నారు.

"ఎప్పుడు?"

"పోయిన వారం. నువ్వు దేముడమ్మని పిలవడానికెళ్ళావు. ఎవరో పత్రికాయన. కథ శుక్రవారానికల్లా అందాలన్నాడు."

"ఏ శుక్రవారం?"

"అదేటో, నేనడగలేదు."

ఇవాళ శనివారం.

"మరి నాకు చెప్పలేదే?"

"మర్చిపోయాను. అయినా ఇదేమన్నా పెళ్ళా, సావా? కథే కదా!"

"దేముడమ్మ పెనిమిటి ఫోనంటే ఆ ఇంటి కూడు గురించి" అని మా అత్తగారు అందుకున్నారు. "కథకేటమ్మీ తొందర?"

ఈ వీధిలో ఎవరికొచ్చిన కబురూ నా చేతిలో పాడవలేదు. వానలో గొడుగేసుకుని వెళ్ళి పిలిచాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే వదిలేసి పిలిచాను. మాటల్లేని కోడళ్ళనీ అత్తలనీ కూడా ఒకే ఫోను దగ్గరికి తెచ్చి నిలబెట్టాను. నాకొచ్చిన ఒక్క కబురుకి మాత్రం, స్టూలు దగ్గర్నుంచి నా బల్ల దాకా మూరెడు దూరం నడిచే దిక్కు లేకపోయింది!

అరవలేదు. అందరికీ మజ్జిగ పోశాను. మా అమ్మాయి భార్గవికి ఊరగాయ వేశాను. గరిటె గిన్నెలో పెట్టి చెప్పాను.

"రేపట్నుంచి వంటయ్యాక దేముడమ్మ వసారాలో కూచుని రాసుకుంటాను. మధ్యాహ్నం దాకా రాను. తనని అడుగుతాను, కాదనదు. ఫోను మోగితే మీలో ఎవరో ఒకరు ఎత్తండి. నాకొచ్చిందయితే, ఏ శుక్రవారమో అడిగి, వచ్చి పిలవండి."