గుత్తిగులాబీకి నలభై మంది డాక్టర్లు

అడగకుండా ఇచ్చే సలహా అంత గొప్ప వరం లోకంలో ఇంకోటి లేదు! ఈ మాట అన్నందుకు మీరు నన్ను తిట్టుకున్నా సరే, వెనక్కి తీసుకోను. సలహాలే లేకపోతే మనిషి తన తప్పులన్నీ తనొక్కడే చేసుకోవాల్సి వచ్చేది. ఎంత ఒంటరి బతుకు! ఇప్పుడు నాకా బాధ లేదు. నా తప్పులన్నీ నలభై మంది కలిసి చేసిపెడుతున్నారు.

నమ్మకం కలగడం లేదా? అయితే మా గులాబీ సంగతి వినండి.

మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. ఎంత దగ్గరంటే, తలుపు గొళ్ళేలు ఏటా తుప్పు పట్టి రాలిపోతాయి, మేం ఏటా కొత్తవి బిగిస్తాం. ఇంటి ముందు తోట ఉంది. తోట అనగానే మరీ ఊహించుకోకండి. నాలుగడుగులు వేస్తే గోడ వస్తుంది, ఐదో అడుగు వేస్తే ముక్కు పగులుతుంది. నేలంతా ఉప్పు ఇసుక కాబట్టి ఏం పెంచినా కుండీల్లోనే.

మూడు నెలల కిందట మా ఆవిడ బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కింద గదిలో కిటికీ తెరిస్తే గోడ కనబడుతుంది, పైగదిలో అయితే తోట కనబడుతుందని పట్టుబడితే, ఆస్పత్రివాళ్ళు కుర్చీలో కూచోబెట్టి పైకి మోసుకెళ్ళారు. మూడు నెలలు మెట్లు దిగకూడదన్నారు. రెండోరోజే ఆవిడ, "ఏమండీ, ఈ తెల్లకట్టూ తెల్లగోడలూ చూసి చూసి కళ్ళు కాయలు కాస్తున్నాయి. ఎర్రగా ఏదన్నా కనబడేలా చెయ్యండి బాబూ," అంది. అంతే. అదొక్కటే కోరిక.

నేను ఆఘమేఘాల మీద నర్సరీకి వెళ్ళాను. నర్సరీ ఆయన ఒక కుండీ నా చేతిలో పెట్టి, "ఫ్లోరిబండా సార్! గుత్తిగులాబీ. మోకాలి ఎత్తు దాటదు, కొమ్మకి ఏడెనిమిది పూలు పూస్తుంది, నిగనిగలాడే ఎరుపు. చిన్న తోటల కోసమే పుట్టింది," అన్నాడు. సముద్రపు గాలికి తట్టుకుంటుందా అని అడిగాను. "మీరు తట్టుకోవడం లేదూ?" అన్నాడు. డబ్బులిచ్చి కుండీ పట్టుకుని వచ్చేశాను.

కుండీ తెచ్చి గేటు పక్కన పెడుతుంటే పైనుంచి మా ఆవిడ, "అక్కడెందుకండీ, ఉప్పుగాలి సూటిగా కొడుతుంది. పైకి తెచ్చి నా కిటికీ పక్కన బాల్కనీలో పెట్టండి. గోడ చాటు ఉంది, ఎండా వస్తుంది," అంది. "మొక్కల సంగతి నీకేం తెలుసు, కదలకుండా పడుకో," అన్నాను. కదలమన్నా కదల్లేని మనిషికి ఆ మాట చెప్పిన ఘనత నాదే!

ఇక వరాలు కురవడం మొదలైంది.

మొదట వచ్చింది పక్కింటి కెప్టెన్. ఆయన ముప్ఫై ఏళ్ళు పడవ టికెట్లు అమ్మాడు. కడుపులో తిప్పుతుందని ఒక్కసారీ పడవెక్కలేదు. అయితేనేం, సముద్రం గురించి ఆయనకి తెలియనిది సముద్రానికీ తెలియదు. "గాలికి అడ్డంగా ఇనప రేకు పెట్టండి సార్," అన్నాడు. పెట్టాను. మర్నాడు వీధి చివర టైలరు వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "రేకు పెడితే గాలి దాని మీంచి దూకి మరీ కొడుతుంది. వల గుడ్డ అయితే గాలిని వడగడుతుంది," అని చెప్పి, మెడలోంచి టేపు తీసి మొక్కకి కొలతలు తీసుకున్నాడు. చొక్కా కుట్టి తెచ్చి తొడిగాడు కూడా. "భుజాల దగ్గర కాస్త వదులుగా పెట్టాను సార్, ఎదిగే వయసు కదా," అన్నాడు.

బేకరీ ఆవిడ వచ్చి, ఆకుల మీద పేరుకున్న ఉప్పుని రోజూ పొద్దున్నే మంచినీళ్ళతో కడగాలంది. దానికోసం ఎర్రటి ప్లాస్టిక్ మగ్గొకటి కొన్నాను. ఆనాటినుంచి మా ఇంట్లో మొదటి స్నానం గులాబీది. నీళ్ళు మిగిలితే నాది. మందులషాపు ఆయన ఇది విని హడలిపోయాడు. ఆకు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు వస్తుందట! మెత్తటి గుడ్డతో ఆకు ఆకూ తుడిచి, హెయిర్ డ్రయ్యర్ పెట్టమన్నాడు. మా ఆవిడ డ్రయ్యర్ అడిగితే, "ఖాళీ లేదు," అని కిందనుంచే అరిచాను.

తర్వాత పైనుంచి పడే తుంపరకి గొడుగు. వేళ్ళకి చలి తగలకుండా కుండీకి గోనెసంచి. ఇవన్నీ అయ్యాక కాలనీ ఫోన్ గ్రూపులో పొద్దున్నే మొక్క ఫోటో పెట్టాలని తీర్మానం. ఆ ఆప్యాయత మీరు చూసి తీరాలి! "నిన్నటికన్నా ముఖం తేటగా ఉంది." "బాగా చిక్కిపోయింది పాపం." "విశ్రాంతి ఇవ్వండి, ఎక్కువమందిని చూడనివ్వకండి." ఈ చివరి సలహా ఇవ్వడానికి పద్నాలుగు మంది వచ్చారు. ఎక్కడో దూరాన ఉన్న మా బాబాయి కూడా వీడియో కాల్ చేసి, "ఏరా, ఎలా ఉంది?" అన్నాడు. "పర్లేదు బాబాయ్, కట్టు ఇంకా..." అని నేను మొదలుపెట్టగానే, "మొక్కరా, మొక్కని చూపించు!" అన్నాడు.

రెండో నెల దాటేసరికి మా తోటలో ఒక రేకు, ఒక చొక్కా, ఒక గొడుగు, ఒక గోనెసంచి ఆరోగ్యంగా పెరుగుతున్నాయి. మొక్క మాత్రం కనబడడం మానేసింది. చొక్కా తీస్తే చలి తగులుతుందని, కింద అంచులోంచి చెయ్యి పెట్టి అందిన ఆకులే తుడిచేవాణ్ణి, ఫోటోలోనూ చొక్కాయే పడేది.

ఒకరోజు పొద్దున్న పైనుంచి కేక. "ఏమండోయ్, పూసింది! ఎర్రగా పూసింది!" పరుగున వెళ్ళి చూశాను. గొడుగు కర్రకి తగిలించిన మగ్గు. తలెత్తి చూస్తే కిటికీలో ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అవునే, పూసింది," అన్నాను. ఆ తర్వాత మగ్గుని రోజుకో పక్కకి తిప్పి తగిలించేవాణ్ణి. పువ్వన్నాక కాస్త విచ్చుకోవాలి కదా!

అలా రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం నలభై మందీ గేటు దగ్గర మీటింగు పెట్టారు. కొత్త చిగురు రావాలంటే కొమ్మని ఐదాకులున్న రెమ్మకి పైన కత్తిరించాలా, కింద కత్తిరించాలా అన్నది సమస్య. పైన అని కెప్టెన్, కింద అని టైలరు. మాటామాటా పెరిగి కత్తెర గుంజుకునే దాకా వెళ్ళింది.

అప్పుడు పైనుంచి మా ఆవిడ గొంతు వినబడింది. "ఏమండీ, ఆ మగ్గు పూసి రెండు వారాలైంది, ఇంకా వాడలేదు. మంచి రకమే! ఇక ఆ గొడుగూ చొక్కా తీసి, లోపల మొక్కుందో పోయిందో చూడండి."

కెప్టెన్ కత్తెర వదిలేశాడు. నేను గొడుగు తీశాను. టైలరు తన చేత్తోనే చొక్కా బొత్తాలు విప్పాడు. లోపల మొక్క బతికే ఉంది. నడుమ కొమ్మకి ఒక గుత్తి. ఏడు పూలు. ఎప్పుడు పూశాయో ఏమో, ఎవరి కంటా పడకుండానే ఎండి గోధుమరంగుకి తిరిగాయి. పక్క రెమ్మకి ఒక్క మొగ్గ మాత్రం మిగిలింది, కొస ఎర్రగా.

ఆ ఎండిన గుత్తి తమ సలహా వల్లే పూసిందని వెంటనే నలభై మందీ వాదించుకున్నారు. ఆ గొడవలో కెప్టెన్ ఒక్కసారి తలెత్తి కిటికీ వైపు చూశాడు.

"అవునూ, నువ్వేంటమ్మా, ఎప్పుడు చూసినా ఆ కిటికీలోనే ఉంటావ్? కిందకి రావేం?"

అయ్యా, అదీ సంగతి! మూడు నెలలు మొక్క ఒళ్ళు ఎలా ఉందని వంతులేసుకుని వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఆవిడ కాలు విరిగిన సంగతి తెలియదు. ఎవరూ అడగలేదు. మరి నువ్వు చెప్పలేదా అంటారా? నాకు తీరికేదీ! ఆకులు తుడుచుకోవాలి కదా.

ఆ సాయంత్రమే కుండీని పైకి మోసుకెళ్ళి బాల్కనీలో, మొదటిరోజు ఆవిడ చెప్పిన చోటే పెట్టాను. కాబట్టి సలహాదారులకి మనవి. గేటు దగ్గర విచారణ మూసేశాం. మెట్లు ఇరవై రెండు. ఎక్కి వచ్చాక మంచం పక్కన కుర్చీ ఉంటుంది. ముందు మనిషి, తర్వాతే మొక్క.

కుండీ పెట్టి, దులుపుకుని, ఎప్పట్లాగే కిందకి దిగబోతుంటే మా ఆవిడ, "మీరూ ఒకసారి ఆ కుర్చీలో కూచోండి. ఇక్కణ్ణుంచి మొగ్గ బాగా కనబడుతుంది," అంది.

కుర్చీ మీద వేలెడు దుమ్ము. తుడుచుకుని కూచున్నాను. మూడు నెలల్లో అదే మొదటిసారి.