పేరు మార్పు రుసుము, తదితరములు

ఒక మనిషి ఇల్లు ఖాళీ చేయడం, ఇంకో మనిషి అదే ఇంట్లో దిగడం అజ్ఞానుల కంటికి రెండు పనుల్లా కనిపిస్తాయి. నిజానికవి పదిహేడు పనులు. పదిహేడింటికీ విడివిడిగా రుసుములున్నాయి. ఈ సత్యాన్ని కనుగొని లోకానికి ప్రసాదించిన అద్దె ఏజెన్సీలకు మనమంతా రుణపడి ఉన్నాం (ఎంతన్నది వారే లెక్కగట్టి పంపిస్తారు).

మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లం. ఒకరు ఆస్పత్రిలో నర్సు. ఇంకొకరు బట్టల దుకాణంలో కొలతలకు గుడ్డ కత్తిరించే ఆవిడ, అందరికంటే పెద్దది, కనుక కత్తెరక్క అంటాం. మూడోదాన్ని నేను, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. మూడు గదులు, ఒక వంటగది, ముగ్గురి పేర్లతో ఒకే ఒప్పందం. ఎనిమిదేళ్లుగా ఒకరి చెప్పులు ఒకరం తొడుక్కుని పోతూ, తిట్టుకుంటూ, సుఖంగానే ఉన్నాం.

నర్సుకు వేరే ఊరి ఆస్పత్రిలో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆమె గదిలోకి ఆమె బాబాయి కూతురు రావాలి. ఆ పిల్లకు మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబులో పని ఖాయమైంది. అయితే ఒకటో తారీఖున చేరేటప్పుడు ఊళ్లో ఉంటున్నట్టు కాగితం చూపించాలి, లేకపోతే ఆ పని జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే, "అక్క వెళ్లి చెల్లెలొస్తే నాకేంటమ్మా, అద్దె వస్తే చాలు" అన్నాడు. దేవుడు వరమిచ్చాడు కనుక పూజారి దగ్గరికి బయల్దేరాం.

ఏజెన్సీ ఆఫీసులో గాజు తలుపు, ఎముకలు కొరికే ఏసీ, మూలన ఒక ప్లాస్టిక్ మొక్క, దాని ముందు 'నీళ్లు పోయరాదు' అన్న బోర్డు ఉన్నాయి. నామపరివర్తన విభాగాధిపతి మమ్మల్ని గంటన్నర తర్వాత పిలిచాడు. ఆ విభాగంలో ఆయన ఒక్కడే ఉన్నాడు, ఆయన ముందు మేం తప్ప ఎవరూ లేరు.

"నా పేరు కొట్టేసి మా చెల్లి పేరు రాయాలండీ" అంది నర్సు.

"కొట్టేయడం మా దగ్గర ఉండదు మేడం. తొలగింపు ఉంటుంది. దానికి ఒక రుసుము. చేర్పుకు ఇంకోటి."

"ఒక్క గీతతో అది పోయి ఇది వస్తుంది కద నాయనా?" అంది కత్తెరక్క.

"వస్తుందండీ. ఆ గీతకు మూడోది."

నేను రోజూ ఎర్రపెన్నుతో నలభై పేర్లన్నా కొట్టేసి సరైనవి రాస్తుంటాను. ఒక్కోదానికి ఏడు సెకన్లు పడుతుంది, నా పెన్ను పాతది కనుక. ఆ సంగతే ఆయనతో అన్నాను. ఆయన జాలిగా నవ్వి, మీరు చేసేది దిద్దుబాటు, మేం చేసేది పరివర్తన అన్నాడు. మొత్తం కలిపితే నర్సు ఆరు రోజుల జీతం అయింది. కట్టాం. (కట్టినందుకు రసీదు కావాలా అని అడిగాడు. కావాలన్నాం. అదీ కట్టాం.)

తర్వాత చెల్లెలి నడవడి విచారణకు వచ్చింది. పదకొండో నిబంధన ప్రకారం, కొత్తగా చేరేవారు ఇంతకుముందున్న ఇంటి యజమాని నుంచి యోగ్యతా పత్రం తేవాలి. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ ఉన్నది కన్నతండ్రి ఇంట్లో. కనుక ఫారం బాబాయికి వెళ్లింది. బాబాయి జన్మలో అబద్ధమాడని మనిషి, ఆ లక్షణం వల్ల జీవితంలో ఏ పనీ కానివ్వని మనిషి. 'అద్దె సకాలంలో చెల్లించారా?' అన్నచోట గుండ్రటి అక్షరాలతో 'ఎన్నడూ ఒక్క పైసా చెల్లించలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఏజెన్సీ ఆ పిల్లను ఇరవై రెండేళ్ల దీర్ఘకాలిక అద్దె ఎగవేతదారుగా నమోదు చేసింది. నర్సు తలపట్టుకుని బాబాయికి ఫోన్ చేసింది.

"ఏంటి బాబాయ్ అలా రాశావ్?"

"నా కూతురి దగ్గర అద్దె తీసుకున్నానని రాయమంటావా? నలుగురూ ఏమనుకుంటారే?"

ఎగవేతదారులను క్షమించడానికి ఏజెన్సీలో క్షమాభిక్ష ఉపసంఘం ఉంది. అది పక్షానికోసారి సమావేశమవుతుంది, రుసుము చెల్లిస్తే మర్నాడే సమావేశమవుతుంది. మర్నాడే సమావేశమైంది. కూర్చున్నది మళ్లీ ఆ విభాగాధిపతే. ఇద్దరు సభ్యులకు భోజన భత్యం కూడా వేశాడు, రెండో సభ్యుడు ఎవరో మాకు ఈరోజుకీ తెలియదు.

చివరికి ముప్పయ్యో తారీఖున అసలు ఘట్టం. ఉమ్మడి అద్దె అంటే ఒకే దేహమట, ఒక అంగం కదిలితే దేహమంతా కదిలినట్టేనట. అందువల్ల తొమ్మిది యాభై ఐదుకు పేరు మారుతుంది. పదింటికి ఒప్పందంలో ఉన్నవారందరూ ఇల్లు ఖాళీ చేస్తారు. పది గంటల ఐదు నిమిషాలకు కొత్త ఒప్పందం మీద అందరూ మళ్లీ దిగుతారు. సామాను కదపనక్కర్లేదు, మనుషులు కదిలితే చాలు. "ఊరికే ఫార్మాలిటీ మేడం" అన్నాడు విభాగాధిపతి. ఈ మాటకు మాత్రం ఆయన రుసుము తీసుకోలేదు, అప్పుడే మేం భయపడి ఉండాల్సింది.

ఖాళీ నిర్ధారకుడనే ఒక ఉద్యోగి గడియారం పట్టుకుని వచ్చాడు. తొమ్మిది యాభై ఐదుకు టిక్కు పెట్టాడు. పదింటికి నలుగురం వీధిలో ఉన్నాం. కత్తెరక్క పనికి బయల్దేరబోతూ ఆగింది కనుక చేతిలో కత్తెర ఉంది. చెల్లెలు తెల్లవారుజామున బస్సు దిగి, ఇంకా గదిలో అడుగైనా పెట్టక, పెట్టె పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. నిర్ధారకుడు తలుపు వేసి ఫోన్లో ఏదో నొక్కాడు.

పది గంటల మూడు నిమిషాలకు మా ఇల్లు అద్దెకు పోయింది.

"ఖాళీగా ఉన్న ఇంటిని యాప్‌లో ఖాళీ అని చూపించకపోతే మోసం అవుతుంది మేడం" అని ఆయన నెమ్మదిగా వివరించాడు. "ఎవరో వెంటనే అడ్వాన్సు కట్టేశారు. అద్దె కూడా ఒకటిన్నర రెట్లు. మీరు పది గంటల ఐదు నిమిషాలకు కదా దిగాల్సింది."

"ఎనిమిదేళ్లయింది మేమిక్కడ" అంది కత్తెరక్క. ఆమె గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు. ఆయన ఆమె చేతిలోని కత్తెర చూసి రెండు మెట్లు దిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఓనరుకు ఫోన్ చేశాను. ఎక్కువొస్తే వద్దంటానా అమ్మా అని ఆయన నన్నే అడిగాడు.

సామాను తీసుకోవడానికి సాయంత్రం దాకా గడువిచ్చారు. ఏజెన్సీలో ఉన్నదీ మనుషులే.

"మరి నా పేరు మార్చడానికి కట్టిందంతా?" అంది చెల్లెలు.

"మీ పేరు మార్పు పూర్తయిందమ్మా, అందులో అనుమానం లేదు" అని ఆయన ఒక కాగితం చేతికిచ్చాడు. తొమ్మిది యాభై ఐదుకు ఆ పిల్ల అద్దెదారు అయింది. పదింటికి ఖాళీ చేసింది. ఆ ఐదు నిమిషాల నివాసానికి గది శుభ్రత రుసుము, గోడకు మేకులు కొట్టిన కన్నాలు మూడు, బల్ల కింద నేల గీరుకుపోయినందుకు ఇంకొంత. కన్నాలు నర్సు క్యాలెండర్లవి. కానీ నర్సు తొమ్మిది యాభై ఐదుకే సకల బాధ్యతల నుంచీ విముక్తురాలైంది, ఆ మేరకు ఆమెకు అభినందన పత్రం కూడా వచ్చింది.

ఒకటో తారీఖున ఆ పిల్ల చేతిలో ఊరి చిరునామా ఉన్న కాగితం అదొక్కటే. దాన్నే తీసుకుని ల్యాబుకు వెళ్లింది, నేనూ తోడు వెళ్లాను. అక్కడి గుమస్తా పెద్దవాడు, కడుపులో చల్ల కదలని మనిషి. కాగితం రెండువైపులా తిప్పి చదివాడు.

"ఇందులో ఖాళీ చేసినట్టుంది కదమ్మా" అన్నాడు. జాబితాలో తర్వాతి పేరు పిలిచాడు. ఆ తర్వాత కాగితాన్ని నలగకుండా మడిచి ఆ పిల్ల చేతికిస్తూ, "ఇది మాత్రం గడువులోగా కట్టెయ్ తల్లీ, లేకపోతే ఇక నీకు ఎక్కడా ఇల్లు ఇవ్వరు" అన్నాడు.