రైవల్ లేని ఊరు

మా ఊళ్లో గొడవలన్నీ ఒక్కసారిగా తీర్చిన పుణ్యాత్ముడు కొండమీద హోటలు కట్టినాయన. ఆయనకి ఊరంతా కలిసి సన్మానం చెయ్యాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఇంగ్లీషులో రైవల్ అని ఒక మాట ఉంది. ప్రత్యర్థి అని అర్థం. పూర్వం లాటిన్‌లో ఆ మాటకి ఒకే కాలవ నీళ్లు వాడుకునేవాళ్లని అర్థమట. లీమో సారు ఈ సంగతి చెప్పగానే క్లాసంతా నవ్వింది. దీనికోసం లాటిన్ దాకా పోవాలా? కిలిమంజారో వాలు మీద పుట్టినవాళ్లం, మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం కదా!

మా కాలవకి వంతులుంటాయి. మా వంతు తెల్లవారుజామున. అమ్మ పార పట్టుకుని వెళ్లేసరికి పక్కింటి మంకా వాళ్లమ్మ అరటి బోదె అడ్డం పెట్టి, నీళ్లన్నీ తన తోటలోకి మళ్లించేసి ఉండేది.

"నీ చిక్కుళ్లు ఇంకా నిద్ర లేవలేదేమో అనుకున్నాలే, ఐకండే వాళ్లమ్మా," అనేది, అమ్మని నా పేరుతో పిలుస్తూ.

"అవి ఎప్పుడో లేచాయి. నీ సిగ్గే ఇంకా లేవలేదు," అనేది అమ్మ, బోదె పీకి అవతల పారేస్తూ.

సాయంత్రానికి మంకా వాళ్లమ్మ ఇసాలె ఆకు ముడేసి తెచ్చి మా గుమ్మంలో నిలబడేది. తప్పు చేసినవాళ్లు ఆ ఆకు తెస్తే క్షమించి తీరాలి. అమ్మ క్షమించేది, అరటిపళ్ల కల్లు కూడా పోసేది. మర్నాడు మళ్లీ బోదె.

ఎంత అనాగరికం! ఇప్పుడా బాధ లేదు. హోటలాయన ఊట దగ్గరే పైపు బిగించాడు. కాలవలో తొండలు తిరుగుతున్నాయి. కాలవే లేకపోతే రైవల్స్ ఎక్కడ? అమ్మా, మంకా వాళ్లమ్మా మా గుమ్మంలో ఒకే బెంచీ మీద కూర్చుని ఎండిన చిక్కుడు తీగలు చూస్తున్నారు.

"ఓ తిట్టయినా తిట్టవే, పొద్దు పోవడం లేదు," అంది నిన్న మంకా వాళ్లమ్మ.

"ఏమని తిట్టను? నీ అరటీ ఎండిందిగా," అంది అమ్మ.

మరి హోటలాయన మాకు రైవలా అని సారుని అడిగాను. కాడట. పంచుకునేవాళ్లే రైవల్స్. మొత్తం పట్టుకుపోయినవాణ్ణి ఏమంటారో ఆలోచించి చెబుతానన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు.

అయినా హోటలాయన్ని తప్పుపట్టకూడదు. ఈతకొలను చుట్టూ అందానికి ఏం నాటించాడో తెలుసా? ఇసాలె మొక్కలు, వరసలు వరసలుగా. సాయంత్రమయ్యేసరికి వాటికి మా నీళ్లే పెడతారు. అన్ని క్షమాపణలు ఒక్కచోట మా తాతలు కూడా చూసి ఉండరు.

అందులో ఒక్క ఆకు కిందికి దిగి వస్తే చాలు. అమ్మా, మంకా వాళ్లమ్మా గుమ్మంలోనే ఉన్నారు.