పార్కుకు ఎందుకు వచ్చినారు?

వంక పొంగి పార్కు గోడ కొట్టుకుపోయిన ఏడాది నుంచి లెక్కేస్తే అది అయిదో ఏడు. ఆ వరద తర్వాత అనంతపురంలో వాన మాటే లేదు. ఒకప్పుడు సాయంత్రమైతే పార్కు రేడియో వినడానికి జనం చెప్పులు చేత్తో పట్టుకుని పచ్చగడ్డిలో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు రేడియో లేదు, గడ్డి లేదు. మిగిలింది పదకొండు కానుగ చెట్లు, వాటిని నాటిన తోటమాలి తిమ్మప్ప.

ఆ పొద్దు చిన్న కానుగకు రెండు బిందెలు పోయాలనుకున్నాడు తిమ్మప్ప. అంతలో మున్సిపాలిటీ జయరాం సారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఈమె హేమ. యూనివర్సిటీలో చదువుతాంది. పార్కుకు ఎవరొస్తారో, ఎందుకొస్తారో రాసుకుంటాది. ఎవరూ రారని తేలితే గేటుకు తాళమే."

తిమ్మప్ప బిందె కింద పెట్టాడు. తాళం పడితే ఆ చెట్లకు నీళ్ళు పోసేవాడు ఉండడు.

రెండు రోజుల్లో వచ్చింది ఒక మేక. మూడో రోజు, బుక్కరాయసముద్రం నుంచి ఊడ్చే పొరకలు అమ్మడానికి వచ్చిన బయమ్మ నీడకు కూర్చుంది. హేమ కాగితం తీసింది.

"పార్కుకు ఎందుకొచ్చారవ్వా?"

కాగితం, కలం కనబడితే ఆ సీమలో ఎవరైనా చెప్పేది ఒకటే. బయమ్మ లేచి నిలబడింది.

"నీళ్ళు లేవు తల్లీ. బోరు ఎండిపాయ. పాలిచ్చే ఎనుమును అమ్మేస్తిమి."

"అది కాదవ్వా. ఈడ ఏం కావాలి?"

"ఏం కావాల్నా? నీళ్ళు కావల్ల!"

చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు యూనివర్సిటీలో మేష్టారు. హేమ రాసింది.

మరునాడు గేటు ముందు రేషన్ కార్డులు పట్టుకుని నలభై మంది నిలబడ్డారు. పార్కులో కరువు సాయానికి పేర్లు రాస్తున్నారని బయమ్మ ఊరంతా చెప్పింది మరి. "అది కాదప్పా, పొండి" అనవలసింది తిమ్మప్ప. రేడియో నాటి జనం కళ్ళముందు మెదిలేసరికి గేటు బార్లా తీశాడు.

"వరసలో రాండి," అన్నాడు.

ఆ మరునాడు గార్లదిన్నె నుంచి ట్రాక్టర్లు వచ్చాయి. ఉన్న ఒక్క బెంచీ విరిగింది. టీ బండి వచ్చింది. గుంతకల్లు రైలు దిగిన ఒకాయన "మా ఊరి పేర్లు రాయరా?" అని తగువు పెట్టుకున్నాడు. కాగితాలు అయిపోయి హేమ పాత క్యాలెండర్ వెనక రాసింది.

"తిమ్మప్పన్నా, మొన్న మేక తప్ప ఎవరూ రాలేదే. మామూలుగా రోజూ ఇంతమంది వస్తారా?"

"ఈ పొద్దు కొంచెం తక్కువ," అన్నాడు తిమ్మప్ప.

ఆరో రోజు ఆంజినప్ప అనే ముసలాయన చేతికట్టె నేలకు తాటించాడు. "ఏమ్మా, పేర్లయితే రాస్తివి. ట్యాంకరెప్పుడొస్తాది?"

"ట్యాంకరేంటి తాతా? ఇది నా చదువు కోసం."

చాచిన కార్డులు కిందికి దిగాయి. బయమ్మ తిమ్మప్ప వైపు తిరిగింది.

"ఏమప్పా, నీకు తెల్సా ఈ మాట?"

తిమ్మప్ప కానుగ చెట్టు వైపు చూశాడు. "తెల్సు."

"ఒక్క మాట చెప్పింటే, ముసిలోళ్ళు ఎండలో ఇంత దూరం నడిచేది తప్పేది కదప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. కార్డులు కొంగుల్లో, రుమాళ్ళలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

నెల తర్వాత హేమ రిపోర్టు జయరాం సారు బల్ల మీదికి వచ్చింది. పార్కుకు వచ్చినవాళ్ళు ఆరువందల నలభై మంది. ఏం కావాలంటే ఆరువందల నలభై మందీ నీళ్ళే అన్నారు. ఏ సంగతిలోనైనా ఇంతమంది ఒకే మాట మీద ఉండడం సారు తన సర్వీసులో చూడలేదు. ఆ సాయంత్రమే ట్యాంకరు వచ్చి పార్కు తొట్టి నింపింది.

"ఇంక రోజూ వస్తాది. ఈ నీళ్ళు పార్కుకొచ్చే జనం కోసమే, గుర్తుంచుకో," అని చెప్పి పోయాడు సారు.

పదకొండు చెట్లకూ పోశాడు తిమ్మప్ప. తొట్టి ఇంకా సగం ఉంది. దాని అంచున చాలాసేపు కూర్చున్నాడు.

మరునాడు పొద్దున్నే బుక్కరాయసముద్రం దాకా నడిచిపోయి బయమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"బిందె తీసుకుని రా అక్కా. ఎవరన్నా అడిగితే, పార్కు చూడనీకి వచ్చినానని చెప్పు."