తాళం వేసిన ఫోను

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, భీమేశ్వరరావు తన స్మార్ట్‌ఫోన్‌కి ఉద్వాసన చెప్పాడు. పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చి, సిమ్ తీసి కొత్త బటన్ల ఫోన్‌లో వేశాడు.

"ఇప్పుడేమొచ్చిందండీ?" అంది కాంతమ్మ.

"ఢిల్లీ నేతాజీ నగర్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు బ్లాకు మొత్తానికి మనింట్లోనే ఫోను. దానికోసం వచ్చినవాళ్ళు భోంచేసిగానీ లేచేవారు కాదు. ఇప్పుడు పక్కనే ఘాజియాబాద్‌లో ఉండి శేషగిరిగాడు రోజూ దణ్ణం బొమ్మ పంపిస్తాడు. వాడి గొంతు విని ఏడాదైంది."

"ఆ ఫోన్ బిల్లులకి నన్ను సాధించారు, అదీ గుర్తుందా?"

"డయలుకి తాళం వేసినా ఎస్టీడీ బిల్లు తగ్గేది కాదు. రెండో తాళంచెవి నీదగ్గరే ఉండేది. పుట్టింటికి ఇంకెవరు చేస్తారు?"

"ఒట్టేసినా నమ్మలేదు," అంటూ ఆవిడ కాఫీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

రిటైరై నోయిడా ఫ్లాట్‌కి చేరినప్పటినుంచీ, ఎవరైనా చెప్పాపెట్టకుండా వస్తే బాగుండునని భీమేశ్వరరావుకు మహా బెంగగా ఉండేది.

గ్రూపులోంచి ఆయన వెళ్ళిపోవడం చూసి శేషగిరి కంగారుగా ఫోన్ చేశాడు. కళ్ళజోడు లేని భీమేశ్వరరావు పచ్చ మీట అనుకుని ఎర్ర మీట నొక్కాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కాడు. పేర్లన్నీ పాత ఫోన్లోనే ఉండిపోయాయి కనుక చేసిందెవరో తెలియలేదు.

"కట్ చేస్తున్నాడయ్యా," అని శేషగిరి అదే గ్రూపులోని సదాశివరావుతో మొరపెట్టుకున్నాడు.

"అలిగినవాణ్ణి ఇంటికెళ్ళి బతిమాలాలి. పద," అన్నాడు సదాశివరావు.

సాయంత్రం ఇద్దరూ మిఠాయి డబ్బాతో సొసైటీ గేటు దగ్గర దిగారు. గార్డు యాప్‌లో అనుమతి అడిగాడు. ఆ కబురు బీరువాలో స్విచాఫ్ చేసి ఉన్న స్మార్ట్‌ఫోన్‌కి వెళ్ళింది. "సాబ్ జవాబ్ నహీ దే రహే," సారు జవాబివ్వడం లేదన్నాడు గార్డు. శేషగిరి మొహం పాలిపోయింది. చివరికి కూరలు కొనుక్కొస్తున్న కాంతమ్మ చూసి వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది.

గుమ్మంలో మిత్రులను చూడగానే భీమేశ్వరరావుకు సంతోషంతో నోట మాట రాలేదు. ఆ మౌనానికి శేషగిరి హడలిపోయాడు.

"తప్పయిపోయిందిరా. ఆ ఎస్టీడీ కాల్స్ నేనే చేశా. నా దగ్గర మారుతాళం ఉండేది. నువ్వు స్నానానికి వెళ్ళగానే, చెల్లెమ్మ కాఫీ తెచ్చేలోగా మా అత్తారింటికి చేసేవాణ్ణి. ఇన్నాళ్ళకి నీకెవరు చెప్పారు?"

భీమేశ్వరరావు పగలబడి నవ్వాడు. అలకా లేదు, పాడూ లేదని బటన్ల ఫోను చూపించాడు. క్వార్టర్స్ రోజులు ఇంట్లోకి నడిచొచ్చినట్టే అనిపించి, "భోంచేసే వెళ్ళాలి," అంటూ కాంతమ్మ వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

"అయితే నేను కాదన్నమాట," అంది కాంతమ్మ నెమ్మదిగా, కూరల సంచి ఆయన చేతికిస్తూ.

ఆవిడ ఏ గ్రూపులోంచీ బయటికి వెళ్ళలేదు. ఆ పూట వంటింట్లోకి మాత్రం అడుగుపెట్టలేదు.